సుశీలక్క బారులో ఆఖరి గ్లాసు

గ్లాసు నా ముందు పెట్టగానే వాసన తగిలింది. పాత చింతపండు, వేయించిన జీలకర్ర, నిప్పుల మీద కాల్చిన ఎండు మిరపకాయ. హైదరాబాదులో ఏడో అంతస్తు, చుట్టూ అద్దాల గోడలు, పక్కన కూర్చున్న మనిషి కూడా సరిగా కనిపించని గుడ్డి వెలుతురు, మాట వినిపించని పాటలు. అలాంటి చోట మా మంచిర్యాల వంటింటి వాసన వస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. మా అన్న కొడుకు రమేశ్ నన్ను అక్కడికి తీసుకుపోయాడు. వాడికి ఆ ఊళ్లో ఉద్యోగం, నాకు కంటి డాక్టరుతో పని. "చిన్నబాపూ, సగం జిందగీ బారులనే గడిపితివి. మా పట్నం బారు ఎట్లుంటదో ఒక్కసారి చూడు" అని పట్టుబట్టాడు. చేతికిచ్చిన కార్డు అంతా ఇంగ్లీషు. నేను తెలుగు చదవడం నేర్చుకునేసరికే మీసం నెరిసింది, ఇంగ్లీషు దాకా పోలేదు. వాడే చదివి చెప్పాడు. ఒకదానికి పొగ పట్టిస్తారట, ఒకదాంట్లో పూలు వేస్తారట, ఒకదాంట్లో జిన్నుతో చింతపండు కలుపుతారట. "ఆ చింతపండుది తెప్పియ్యి" అన్నాను.

ఒక గుక్క తాగాను. రుచి బాగానే ఉంది, అబద్ధమెందుకు. ఉల్లిగడ్డ ఒక్కటే తక్కువ. "దీన్ని వీళ్లకంటే ముందు కలిపినామె నాకు తెలుసు" అన్నాను. రమేశ్ నవ్వాడు. వాడికి సగం కథ తెలుసు. ఆ బారును, ఆమెను చూడనివాళ్ల కోసం మొత్తం రాస్తున్నాను. నాకు బతుకుదెరువు ఇచ్చిన గ్లాసూ, నన్ను పెంచిన అన్నను నాకు దూరం చేయబోయిన గ్లాసూ ఒకటే.

నేను కల్లు గీసేవాణ్ణి. మాది లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. బాపు చిన్నప్పుడే పోతే మా మల్లన్న నన్ను సాకాడు. తాను బొగ్గు బాయిలో పనికి కుదిరి మందమర్రి క్వార్టరుకు పోయినా, నేను చెట్టు వదల్లేదు. ఒక వానాకాలం తాటిచెట్టు మీద నడుముకు కట్టుకున్న మోకు జారింది. పడ్డాను. బతికాను గానీ తుంటి గట్టిపడిపోయింది, మళ్లీ చెట్టెక్కే యోగం లేదు. చదువు లేదు, భూమి లేదు. మా అన్నే నన్ను దవాఖానకు మోసుకుపోయాడు. లేచి నడవగానే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మందమర్రి రోడ్డు మీద ఉన్న బారుకు తీసుకుపోయాడు.

ఆ బారు సుశీలమ్మది. దొరల ఇంటి కోడలు. భర్త బారు కట్టించి ఏడాది తిరక్కుండా జ్వరంతో పోయాడు. లైసెన్సు అమ్మేసి ఊళ్లో కూర్చోమని మరుదులు చెప్పారు. ఆమె తాళాలు కొంగుకు కట్టుకుని కౌంటరు వెనక కూర్చుంది. బారులో ఆడమనిషి కూర్చోవడం మా వైపు ఎవరూ చూసి ఉండలేదు. మొదట జనం ఆమెను చూడటానికే వచ్చారు. తర్వాత ఆమె వంట రుచి చూసి, దానికోసం వచ్చారు. నేను వెళ్లిన రోజు ఆమె ముందు చాటలో బొబ్బర్లు ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏం పని చేసేటోనివి?"

"కల్లు గీసేటోన్ని, దొరసాని."

"దొరసాని గడీల ఉంటది. గిది బారు. అక్కా అను. కల్లు ఎవనికి పొయ్యొద్దో ఎరుకేనా?"

"పైసలియ్యనోనికి."

మా అన్న పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. "కాదు. ఇంటి తొవ్వ మరిచినోనికి పొయ్యొద్దు. పైసలు రేపైనా ఇస్తడు" అని చాట నా చేతికిచ్చింది. అదే నా కొలువు. ఆ మాట అప్పుడు నాకు చెవికెక్కలేదు. పని దొరికిందన్న సంతోషంలో బొబ్బర్లు ఏరుతూ కూర్చున్నాను.

సుశీలక్క చుక్క మందు కూడా నోట్లో పెట్టి ఎరగదు. అయినా ఏ సరుకు తేవాలో ఆమే చూసేది. ఏజెంట్లు శాంపిలు సీసాలు తెచ్చేవాళ్లు. ఆమె అరచేతిలో కొంచెం పోయించుకుని రెండు చేతులూ రుద్ది, తడి ఆరాక వాసన చూసేది. తడిగా ఉన్నప్పుడు ప్రతి మందూ మంచి వాసనే వేస్తుంది, ఆరిన తర్వాత మిగిలేదే దాని అసలు వాసన అనేది. బెల్లం వాసనో గింజ వాసనో మిగిలితే ఉంచేది. కిరసనాయిలు వాసన వస్తే ఏజెంటు ఎంత పెద్దమనిషైనా సీసా వెనక్కి నెట్టేది. ఆ తర్వాత రుచి చూడటం నా వంతు. నేను గీతకాణ్ణి, సీసా మందంటే నాకు చిన్నచూపు. ప్రతిసారీ ముఖం చిట్లించి, "కల్లు ముంగట ఇవన్నీ కుడితి నీళ్లక్కా" అనేవాణ్ణి. "అయితే పో, చెట్టెక్కు" అనేది. తుంటి పోయినవాణ్ణి అలా అనొచ్చా అని కొత్తవాళ్లు గతుక్కుమనేవాళ్లు. నాకు మాత్రం నవ్వొచ్చేది. నా కుంటి నడకను చూసి జాలిపడనిది ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.

ఎవరికి ఏది పోయాలో కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. బాయి నుంచి అలసి వచ్చినవాడికి రమ్ము, ముచ్చట్లకు వచ్చినవాడికి బీరు, కొట్లాటకు వచ్చినవాడికి ముందు పళ్లెం నిండా ఉడికించిన బొబ్బర్ల గుడాలు. నోరు నిండా గుడాలుంటే తిట్టు బయటికి రాదు. ఒకసారి పట్నం నుంచి వచ్చిన ఒక ఆఫీసరు కాక్‌టెయిల్ కావాలన్నాడు. నాకు ఆ మాటే కొత్త. "పరేషాన్ గాకు" అని అక్క లోపలికి పోయి, ఉడికించిన పచ్చి మామిడికాయ గుజ్జు, పుదీనా, ఉప్పు కలిపి తెచ్చి అందులో జిన్ను పొయ్యమంది. ఆయన తాగి, దీని పేరేమిటని అడిగాడు. "మామిడికాయ" అంది. ఆ ఎండాకాలమంతా ఆఫీసర్లు వచ్చి మామిడికాయ అడిగేవాళ్లు.

ఇక పచ్చిపులుసు సంగతి. మధ్యాహ్నం భోజనాల్లోకి అక్క చేతి పచ్చిపులుసు ఉండాల్సిందే. పాత చింతపండు చిక్కగా పిసికి, కాల్చిన మిరపకాయ, వేయించిన జీలకర్ర, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి, గుడ్డలో వడగట్టి, కడిగిన రమ్ము సీసాల్లో పోసి ఉంచేది. కుండలో పెడితే చీమలు పట్టేవి. భోజనాల వేళకు ఆ చిక్కటి పులుసులో నీళ్లు పోసి ఉల్లిగడ్డ తరిగి వేస్తే అయిపోయేది. అసలు రమ్ముతో కలిసిపోకుండా ఆ సీసాల మీద కాగితం అంటించి పచ్చిపులుసు అని రాసేది. చదవగలిగినవాడికి అది చాలు. నేను సీసాలను బొమ్మలను బట్టి గుర్తుపట్టేవాణ్ణి. పులుసు పోసిన సీసాల మీద కూడా పాత రమ్ము బొమ్మ అట్లాగే ఉంది కదా.

జీతాల రోజు. బారు సంతలా ఉంది. వంటింట్లో చోటు చాలక ఒక పులుసు సీసా కౌంటరు చివరికి చేరింది. ఓదెలు అనే బాయి కార్మికుడు అప్పటికే బాగా ఎక్కించి, ఇంకొకటి పొయ్యమని బల్ల గుద్దుతున్నాడు. మామూలుగా మంచివాడే, మందు మీరితే మాత్రం ఇద్దరు మోసి ఇల్లు చేర్చాల్సిన మనిషి. నాకు ఆ రోజు పడిశం, ముక్కు పనిచేయడం లేదు. చేతికందిన సీసా వంచి, సోడా పోసి ఇచ్చాను. ఓదెలు ఒక్క గుక్కలో దించాడు. కళ్లు మూసుకున్నాడు. ఖాళీ గ్లాసు అడుగున చింతపండు మడ్డి కనిపించింది. కొలువు పోయిందనుకున్నాను.

ఓదెలు పెదవులు నాక్కున్నాడు. "వారీ లింగా, గిది ఏ కంపెనీదిరా?"

నేను సీసాను కౌంటరు కిందికి జరిపాను.

"మంచిగున్నది. ఇంకోటి పొయ్యి. గీసారి గిన్ని ఉల్లిగడ్డలెయ్యి!"

బారంతా ఘొల్లుమంది. వాడు రెండోది కూడా తాగి, బర్రున తేన్చాడు. "ఆకలైతుంది" అన్నాడు. అన్నం తిన్నాడు. చెప్పులు వేసుకుని తన కాళ్ల మీద తాను ఇంటికి పోయాడు. వంటింటి గడపలో నిలబడి అక్క ఇదంతా చూసింది. బారు ఖాళీ అయ్యాక తలొంచుకుని ఆమె ముందు నిలబడ్డాను. "రేపటి సంది నువ్వు పలక పట్టాలె. నా సీసా మీద రాసింది నువ్వు చదవకుంటే నాతోని కాదు" అంది. ఇంకో మాట కోసం ఆగాను. "గా పులుసు గ్లాసును మాత్రం ఇట్లనే ఉంచుదాం" అంది. కొలువు పోలేదు.

అలా మీసాలొచ్చి, మీసాలు నెరిసే వయసులో పలక పట్టాను. మధ్యాహ్నం భోజనాలు ముగిశాక సాయంత్రం గిరాకీ మొదలయ్యేదాకా చదువు. అందరూ అ ఆలతో మొదలుపెడతారు, నేను పచ్చిపులుసుతో మొదలుపెట్టాను. అది వచ్చాక బయట నల్లబోర్డు మీద ఆ రోజు వంటలు రాసే పని నాకే అప్పజెప్పింది. నా అక్షరాలు గుమ్మడికాయలంత ఉండేవి, రెండు కూరలు రాస్తే బోర్డు నిండేది. "ఇయ్యాల రెండే కూరలా లింగా, బోర్డు సరిపోలేదా?" అని వచ్చినవాళ్లు ఆటపట్టించేవాళ్లు. అక్క మాత్రం తుడిచెయ్యనిచ్చేది కాదు.

ఆ గ్లాసుకు ఒక పద్ధతి ఏర్పడింది. మందు గాజు గ్లాసులో, పచ్చిపులుసు స్టీలు గ్లాసులో. బల్ల మీదికి స్టీలు గ్లాసు వచ్చిందంటే ఇక చాలు, తిని ఇంటికి పోవాలి. ఆఫీసరైనా, కార్మికుడైనా అందరికీ వస్తుంది కాబట్టి ఎవరికీ చిన్నతనం లేదు. బాయి దిగాల్సినవాడికైతే మొదటి గ్లాసే అది, మందు లేనే లేదు. పెట్టే తీరు కూడా అక్కే నేర్పింది. "గ్లాసు పెట్టి పక్కకు చూడాలె లింగా. మొఖం చూడొద్దు. మనిషి సిగ్గుపడుతుంటే మనం చూస్తే ఆ సిగ్గు కోపమైతది. నువ్వు చూడలేదనుకో, వాడే తాగి లేచిపోతడు." చెప్పినంత సులువు కాదు. పెట్టాక ఏమంటాడోనని కళ్లు వాటంతటవే మనిషి ముఖం మీదికి పోతాయి. నాకు అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. అలవాటైందనుకున్నాక మా అన్న వచ్చాడు.

పట్టపగలు, రెండో షిఫ్టుకు ముందు. చేతిలో సద్ది డబ్బా. ఎప్పుడూ సెలవు రోజుల్లోనే వచ్చేవాడు. "ఒళ్లంతా నొస్తుందిరా తమ్మీ, ఒక్క క్వార్టర్ ఇయ్యి, జల్ది" అన్నాడు. అక్క వంటింట్లో ఉంది, కౌంటరు నాది. నన్ను భుజాన మోసిన మనిషి. ఆయనకు నా చేత్తో లేదనడమా? పోసేస్తే ఎవరికీ తెలియదు. కానీ పోస్తే ఆయన ఆ మత్తులో నేల కిందికి దిగుతాడు. అక్కడ పైకప్పును ఆపేది కట్టె దిమ్మలు, వాటిని నిలబెట్టేది మా అన్న చేతులు. స్టీలు గ్లాసు నింపి తీసుకెళ్లి పెట్టాను. పెట్టి, ముఖం చూశాను.

"ఏందిరా ఇది?"

"షిఫ్టున్నది గదా అన్నా."

"నిన్ను దవాఖానకు మోసింది ఎవడ్రా? గీ కొలువు పెట్టిచ్చింది ఎవడ్రా? నాకే పెడుతున్నవా గ్లాసు?"

పక్క బల్ల నుంచి ఓదెలు కలగజేసుకున్నాడు. "తాగు మల్లన్నా, మస్తుంటది. నాకైతే రోజూ పెడుతడు." సర్దిచెప్పబోయాడు పాపం. నలుగురూ నవ్వారు. మా అన్న గ్లాసును నెమ్మదిగా బల్ల మీద బోర్లించాడు. పులుసు అంచు దాకా పారి నేల మీద కారింది. సద్ది డబ్బా తీసుకుని వెనక్కి చూడకుండా పోయాడు.

నేను బల్ల తుడుస్తుంటే అక్క వచ్చి నిలబడింది. "మొఖం చూసినవ్" అంది.

"అన్న గదక్కా."

"అన్నైతే ఇంక అసలే చూడొద్దు."

"పోయి కాళ్లు పట్టుకోనా?"

"పట్టుకుంటే నువ్వు పెట్టిన గ్లాసు తప్పైతది. నువ్వు తప్పు చెయ్యలే. ఫికర్ జెయ్యకు, ఊకో."

ఊరుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. క్వార్టరుకు పోతే వదిన తలుపు తీసేది, అన్న లోపలి గదిలోంచి వచ్చేవాడు కాదు. పండుగకు పోయినా మాట లేదు. నాకు బాపూ ఆయనే, అన్నా ఆయనే. ఆయన మాట్లాడకపోతే నాకు ఇంకెవరూ లేరు. కొలువు మానేసి ఊరికి పోదామని కూడా అనుకున్నాను. ఆ రోజుల్లో అక్క నాకు ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. ఒక పని మాత్రం చేసింది. ప్రతి ఆదివారం మా అన్న కూర్చునే కిటికీ పక్క బల్లను ఖాళీగా ఉంచి, దాని మీద స్టీలు గ్లాసు నింపి పెట్టించేది. ఎవరొచ్చినా అక్కడ కూర్చోనిచ్చేది కాదు. పొద్దు గూకే వేళకు ఆ గ్లాసు తనే తాగేసేది. "పారబోస్తే చింతపండు పాపం తగులుతది" అనేది. అందరినీ ఆటపట్టించే ఓదెలు కూడా ఆ బల్ల జోలికి పోలేదు.

వానలు పోయి చలి మొదలైంది. ఒక ఆదివారం మా అన్న వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా తన బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్కడున్న స్టీలు గ్లాసును చూశాడు, ముట్టుకోలేదు. నేను రమ్ము పోసి పెట్టాను, తాగాడు. ఇంకొకటి పెట్టాను, అదీ తాగాడు. గాజు గ్లాసు పక్కకు జరిపి, కిటికీలోంచి రోడ్డు కేసి చూస్తూ మాట్లాడాడు.

"మొన్న మా జోడీగాడు తాగి దిగిండు. దిమ్మ పట్టుకోరా అంటె ఇడిసిపెట్టిండు. నా కాలు పక్కపొంటి వడ్డది."

"దెబ్బ తాకిందా?"

"తాకలే. గప్పుడు నీ గ్లాసు యాదికొచ్చింది." బల్ల మీది స్టీలు గ్లాసు వైపు వేలు చూపి, "ఇది పొద్దుటి సంది ఇక్కడ్నే ఉన్నట్టున్నది. నాకు తాజాది తేపోరా తమ్మీ. ఉల్లిగడ్డ ఎక్కువెయ్యి" అన్నాడు.

వంటింట్లోకి పోయేసరికి అక్క అప్పటికే ఉల్లిగడ్డ తరుగుతోంది. కళ్ల నీళ్లు ఉల్లిగడ్డవే అంది. నావీ అవే అన్నాను. గ్లాసు తీసుకెళ్లి మా అన్న ముందు పెట్టాను. ఈసారి నేనూ రోడ్డు కేసే చూశాను. బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోతోంది. ఇద్దరం ఆ లారీని లోకంలో ఇంకో లారీ లేనట్టు చూశాం. గుటక వినిపించింది, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "పొయ్యొస్త. రేపు వదిన రమ్మన్నది, తిని పో" అన్నాడు. రిటైరయ్యేదాకా మా అన్న మళ్లీ షిఫ్టుకు ముందు మందు అడగలేదు. నేను చెప్పానని కాదు, ఆయనే అడగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు సర్కారు రాష్ట్రమంతా మందు బంద్ పెట్టింది. మరుదులు మళ్లీ వచ్చి, ఇప్పుడేం చేస్తావన్నారు. అక్క నా చేతికి రంగు డబ్బా ఇచ్చి, గోడ మీది పేరులో బారు అన్న మాట కొట్టేయించింది. రెస్టారెంటు అన్న మాట మిగిలింది, దాంతోనే సాగింది. ఖాళీ సీసాలన్నీ అమ్మేసి, పచ్చిపులుసు కోసం కొన్ని ఉంచుకుంది. పాత గిరాకీ అన్నానికి వచ్చేది. స్టీలు గ్లాసు పెట్టగానే అలవాటుకొద్దీ లేచి చెప్పులు వేసుకునేవాళ్లు. "కూసోర్రి, ఇంకా అన్నమే పెట్టలే" అని నేను అరవాల్సి వచ్చేది. మంచం పట్టేదాకా పులుసు అక్కే కలిపింది. చివరి రోజుల్లో నేను కలిపి తీసుకుపోతే ఒక చెంచా నోట్లో వేసుకుని, "బెల్లం ఎక్కువైంది" అంది. ఎక్కువ కాలేదు. ఆమెకు బాగుందని చెప్పడం రాదు. అది నాకు తెలుసు, అందుకే సంతోషంగా ఇంటికి వచ్చాను.

ఏడో అంతస్తు మీద రమేశ్ రెండు గ్లాసులు ముగించాడు. కారు తాళం బల్ల మీద ఉంది. ముచ్చట మంచి జోరు మీదుంది, మూడోదాని కోసం చెయ్యెత్తబోయాడు. నేను ముందే లేచి, సీసాల అరల దగ్గర మందు కలిపే అతని దగ్గరికి కుంటుకుంటూ పోయాను.

"బిడ్డా, గా చింతపండుది మందు లేకుంట కలుపుతవా? లోపల ఉల్లిగడ్డ దొరికితే సన్నగ తరిగి ఎయ్యి."

"ఉల్లిగడ్డనా, సార్?" అని నవ్వాడు. అయినా మనిషిని వంటింట్లోకి పంపాడు. స్టీలు గ్లాసు వాళ్ల దగ్గర లేదు, పొడుగు గాజు గ్లాసులోనే ఇచ్చాడు. నేనే తీసుకొచ్చి రమేశ్ ముందు పెట్టాను. వాడు మాట మధ్యలో ఆగిపోయాడు. ఆ గ్లాసు ఏమిటో మల్లన్న కొడుక్కి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను పక్కకు తిరిగాను. అటువైపు అద్దం గోడ, అందులో వాడి ముఖం కనిపించబోయింది. తల ఇంకొంచెం తిప్పి, కింద రోడ్డు మీద పోతున్న బండ్లను చూశాను.

గుటక వినిపించింది. తర్వాత బల్ల మీద తాళం నా వైపు జరిగిన చప్పుడు. నాకు కారు నడపరాదు. అయినా తీసి జేబులో వేసుకున్నాను. ఇద్దరం ఆటో ఎక్కి ఇంటికి పోయాం.